ఇంటర్వ్యూ మార్కుల అసలు బరువు

కళాశాల ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు ఎంత ప్రాధాన్యం ఉంటుందన్న ప్రశ్నకు ప్రాస్పెక్టస్‌లో అచ్చయిన అంకెనే జవాబుగా తీసుకోవడం పరిపాటి. వంద మార్కుల్లో పదిహేను ఇంటర్వ్యూకు కేటాయిస్తే దాని బరువు పదిహేను శాతమనీ, మార్కులేవీ కేటాయించకపోతే దానికి బరువే లేదనీ విద్యార్థులూ తల్లిదండ్రులూ అనుకుంటారు. ఎంపిక జాబితా తయారైన తీరును కాస్త వెనక్కి వెళ్లి పరిశీలిస్తే మాత్రం, కాగితం మీద రాసిన బరువు వేరనీ, ఎవరికి సీటు దక్కాలో తేల్చేటప్పుడు ఇంటర్వ్యూ నిజంగా మోసే బరువు వేరనీ, ఆ రెండింటి మధ్య అంతరం ఒక్కోసారి రెండింతలు మూడింతలు కూడా కావచ్చుననీ బోధపడుతుంది. భారతదేశంలో న్యాయస్థానాలు ఈ అంతరాన్ని అంకెలతో కట్టడి చేయడానికి ప్రయత్నించగా, అమెరికా విశ్వవిద్యాలయాలు అంకె అనేదే లేకుండా దాన్ని తమ విచక్షణకు వదిలేసుకున్నాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజినీరింగ్ కోర్సుల్లో చేరే విద్యార్థులకు ఇంటర్వ్యూ అనేది దాదాపు పరిచయం లేని ఘట్టం. ఉమ్మడి రాష్ట్రంలో ప్రవేశాల నియంత్రణకూ, క్యాపిటేషన్ ఫీజు నిషేధానికీ 1983లో వచ్చిన చట్టం అర్హత పరీక్షలోనో, ప్రవేశ పరీక్షలోనో వచ్చిన ప్రతిభను ఆధారం చేసుకోమంది. ఆ తరువాత వచ్చిన ఎంసెట్ చాలా ఏళ్ల పాటు ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు తేల్చింది తప్ప అభ్యర్థి ముఖం చూసి మార్కులు వేసే అవకాశాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఆ పరీక్ష పేరు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్‌గా మారినా ఈ లక్షణం మారలేదు. మాటవరుసకు చెప్పుకోవాలంటే, ఇక్కడ ‘కౌన్సెలింగ్’ అనే మాటకు సలహా ఇవ్వడమన్న అర్థం ఎప్పుడో పోయి, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్ల నమోదు, సీటు కేటాయింపు అనే అర్థాలు స్థిరపడ్డాయి. అభ్యర్థి గురించి తెలుసుకోవడానికి ఎదురుగా కూర్చుని మాట్లాడేవారు ఆ ప్రక్రియలో ఒక్కరూ ఉండరు. తెలుగు కుటుంబాల్లో పిల్లలకు ఇంటర్వ్యూ అనే మాట గుండె దడ పుట్టించేది ఉద్యోగం దగ్గరో, హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో వీసా కిటికీ దగ్గరో. అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేసినవారిలో చాలామందికి విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూ చేయకుండానే సీటు ఇస్తుంది గనుక, కొద్ది నిమిషాల వీసా సంభాషణే వారి చదువుకు సంబంధించి ఎదురయ్యే ఏకైక మౌఖిక పరీక్ష అవుతుంది.

దేశంలో అంతటా పరిస్థితి ఇలాగే ఉండేది కాదు. 1960లలో మైసూరు రాష్ట్రం ఇంజినీరింగ్, వైద్య కళాశాలల ప్రవేశాలకు ఎంపిక కమిటీని వేసి, ఐచ్ఛిక విషయాల పరీక్ష గరిష్ఠ మార్కులలో నాలుగో వంతుకు సమానమైన మార్కులను ఇంటర్వ్యూకు కేటాయించింది. సాధారణ జ్ఞానం, అభిరుచి, వ్యక్తిత్వం, ఎన్‌సీసీ, ఆటలు, నాటకాలు, వక్తృత్వం వంటి అంశాలను చూసి కమిటీ ఈ మార్కులు వేయాలి. సీటు రాని విద్యార్థులు కోర్టుకు వెళ్లగా, చిత్రలేఖ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1964లో తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసినది రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తరువాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. పౌరుల ప్రాథమిక హక్కులను గట్టిగా కాపాడినవారిగా పేరున్న ఆ న్యాయమూర్తి, ఇంటర్వ్యూ పద్ధతి దుర్వినియోగమయ్యే వీలున్నంత మాత్రాన అది రాజ్యాంగ విరుద్ధం కాబోదనీ, విద్యార్థి సత్తాను ఎలా కొలవాలన్న విషయంలో విద్యావేత్తల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయనీ, పద్ధతి ఎంపికలో కోర్టు తలదూర్చరాదనీ తేల్చారు. దుర్వినియోగం జరిగిందని రుజువైన చోట ఆ ఎంపికను కొట్టివేయవచ్చు గానీ పద్ధతినే కొట్టివేయడం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం. ఆనాటికి ఈ వాదన సహేతుకంగానే కనిపించి ఉంటుంది. అయితే మూసిన తలుపుల వెనక రెండు నిమిషాల్లో వేసిన మార్కులు సక్రమం కావని రుజువు చేసే భారాన్ని పదిహేడేళ్ల విద్యార్థి మీద మోపడం వల్ల, రుజువు అయ్యే దారే ఆచరణలో మూసుకుపోయింది.

ఆ తరువాత న్యాయస్థానం వైఖరి క్రమంగా మారింది. తమిళనాడు వైద్య కళాశాలల ప్రవేశాల్లో మొత్తం 275 మార్కులకు 75 ఇంటర్వ్యూకు ఉంచడం పైకి చూస్తేనే మితిమీరినట్లు ఉందని పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు 1970లో వ్యాఖ్యానించింది. పదేళ్ల తరువాత వచ్చిన అజయ్ హాసియా కేసు ఈ చర్చకు మూలస్తంభంగా నిలిచిపోయింది. శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, అంటే 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్‌ఈసీ ఏ పథకం కింద వచ్చిందో అదే పథకం కింద ఏర్పడిన సంస్థ, 1979–80 ప్రవేశాలకు రాత పరీక్షకు 100, మౌఖిక పరీక్షకు 50 మార్కులు పెట్టింది. ఆ యాభైని సాధారణ జ్ఞానానికి 15, నిర్దిష్ట విషయాలపై విస్తృత అవగాహనకు 15, పాఠ్యేతర కార్యక్రమాలకు 10, వ్యక్తిత్వ లక్షణాలకు 10 చొప్పున విడగొట్టింది. విభజన చూడటానికి ముచ్చటగానే ఉన్నా, ఒక్కో అభ్యర్థిని లోపల ఉంచినది రెండు మూడు నిమిషాలకు మించలేదనీ, అడిగిన ప్రశ్నలు ఎక్కువగా తల్లిదండ్రులు ఎవరు, నివాసం ఎక్కడ అన్నవేననీ, చదువుకు సంబంధించిన ప్రశ్న దాదాపుగా లేదనీ పిటిషనర్లు కోర్టుకు విన్నవించారు. నాలుగు శీర్షికల కింద ఒక మనిషిని తూచడానికి శీర్షికకు అర నిమిషం చొప్పున సరిపోతుందని నమ్మేవారు ఉండరు.

జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన ఆ రాజ్యాంగ ధర్మాసనం తీర్పు 1980 నవంబరులో వెలువడింది. మౌఖిక పరీక్ష వ్యక్తిగత అభిప్రాయం మీదా, తొలి చూపులో కలిగే ముద్ర మీదా ఆధారపడినదనీ, దుర్వినియోగానికి వీలున్నదనీ ఒప్పుకుంటూనే, దాన్ని పూర్తిగా తీసివేయనక్కర లేదనీ, రాత పరీక్షకు తోడుగా మాత్రమే ఉంచాలనీ ధర్మాసనం చెప్పింది. మొత్తం మార్కుల్లో మూడో వంతును దానికి కేటాయించడం రాజ్యాంగం 14వ అధికరణం హామీ ఇచ్చే సమానత్వానికి విరుద్ధమైన ఏకపక్ష చర్య అంటూ, ఉన్న పరిస్థితుల్లో 15 శాతం మించితే అది అసమంజసమే అవుతుందని ఒక హద్దు గీసింది. కళాశాలలో అప్పటికే చేరినవారిని బయటికి పంపకుండా, సీటు రానివారిలో మెరుగైన యాభై మందిని 1981–82లో అదనపు సీట్ల మీద చేర్చుకునే ఏర్పాటుకు ప్రభుత్వం, కళాశాల అంగీకరించాయి. న్యాయం జరిగిందనే అనాలి, కాకపోతే రెండు విద్యా సంవత్సరాలు గడిచాక.

పదిహేను అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. పదీ కాకుండా ఇరవయ్యీ కాకుండా పదిహేనే ఎందుకు కావాలో నిరూపించే గణితమేదీ లేదు. అది ఒక న్యాయమైన అంచనా మాత్రమే. అయితే దాని వెనక ఉన్న తర్కాన్ని మరుసటి ఏడాది, 1981లో, లీలాధర్ కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మరింత స్పష్టంగా విప్పిచెప్పారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆయన, రాజస్థాన్‌లో మున్సిఫ్ ఉద్యోగాల నియామకంలో ఇంటర్వ్యూకు పెట్టిన 25 శాతాన్ని సమర్థిస్తూ, కళాశాలలో చేరే పిల్లల వ్యక్తిత్వం ఇంకా రూపుదిద్దుకోవలసి ఉంటుంది కాబట్టి అక్కడ రాత పరీక్షకే పెద్ద పీట వేయాలనీ, వయసుతో వ్యక్తిత్వం పరిణతి చెందినవారిని ఉద్యోగానికి ఎంచుకునేటప్పుడు ఇంటర్వ్యూకు ఎక్కువ స్థానం ఇవ్వవచ్చుననీ వివరించారు. ఈ తేడాలో లోతు ఉంది. ఇంకా ఏర్పడని వ్యక్తిత్వాన్ని కొలవబోతే కొలతకు దొరికేది ఆ పిల్లవాడి ఇల్లు, బడి, మాట్లాడే భాష, వేసుకున్న బట్ట మాత్రమే; జిల్లా పరిషత్ బడిలో చదివిన అమ్మాయి తడబాటుకూ, నగరంలో ఇంగ్లీషు మాటల మధ్య పెరిగిన అబ్బాయి తొణకని తీరుకూ వారి వారి తెలివితో సంబంధం ఉండవలసిన అవసరం లేదు.

కాగితం మీది బరువు, అసలు బరువు అన్న భేదాన్ని అర్థం చేసుకోవడానికి ఇక్కడ కొంత లెక్క చూడాలి. మార్కులను కలిపి జాబితా తయారుచేసినప్పుడు ఏ పరీక్ష ఎక్కువ ప్రభావం చూపుతుందన్నది దానికి కేటాయించిన గరిష్ఠ మార్కుల మీద గాక, అభ్యర్థుల మధ్య ఆ పరీక్షలో మార్కులు ఎంత దూరం చెదిరాయన్న దాని మీద ఆధారపడుతుంది. గణాంక శాస్త్రంలో ఈ చెదురును కొలిచే సాధనాన్ని ప్రామాణిక విచలనం అంటారు. ఉదాహరణకు రాత పరీక్షకు 85, ఇంటర్వ్యూకు 15 మార్కులు ఉన్నాయనుకుంటే, కటాఫ్ దరిదాపుల్లో ఉన్న అభ్యర్థులందరికీ రాతలో 66కూ 70కీ మధ్య మార్కులు వచ్చి, ఇంటర్వ్యూలో బోర్డు ఒకరికి 4, మరొకరికి 12 వేస్తే, రాతలో 70 తెచ్చుకున్న అభ్యర్థి మొత్తం 74 దగ్గర ఆగిపోతాడు, 66 తెచ్చుకున్న అభ్యర్థి 78తో ముందుకు వెళ్తాడు. రాతలో వారి మధ్య దూరం నాలుగే మార్కులు కాగా ఇంటర్వ్యూలో ఎనిమిది; ప్రాస్పెక్టస్‌లో పదిహేను శాతమే ఉన్న అంశం అక్కడ 85 శాతం ఉన్న అంశాన్ని తారుమారు చేసింది. ఇందుకు భిన్నంగా, బోర్డు మొహమాటంతోనో జాగ్రత్తతోనో అందరికీ తొమ్మిదీ పదీ వేసి పంపిస్తే, ఇంటర్వ్యూకు యాభై మార్కులు కేటాయించినా దాని ప్రభావం నామమాత్రమే అవుతుంది.

ఇంటర్వ్యూకు పిలిచే పద్ధతి రాత మార్కుల్లోని చెదురును మరింత కుదిస్తుంది. రాత పరీక్షలో వెనకబడినవారిని ముందే వడగట్టి, పైనున్న కొద్దిమందినే పిలుస్తారు గనుక, ఆ గది బయట బెంచీల మీద కూర్చున్నవారంతా రాతలో ఇంచుమించు ఒకే స్థాయివారై ఉంటారు. వడపోత ఎంత బిగువుగా ఉంటే మిగిలినవారి మధ్య రాత మార్కుల తేడా అంత తగ్గి, ఇంటర్వ్యూ మాట అంత పైకి వస్తుంది. రాత పరీక్షను కేవలం అర్హత గీటుగా వాడి, గీటు దాటిన తరువాత ఆ మార్కులను పక్కన పెట్టేసే పద్ధతిలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. 2016లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు తెచ్చిన నిబంధనలు సరిగ్గా ఇదే చేశాయి: ప్రవేశ పరీక్షలో సగం మార్కులు తెచ్చుకుంటే అర్హత, ఆ పైన నిర్ణయమంతా వైవాదే, అంటే మౌఖిక పరీక్షదే. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో దీనిపై పెద్ద ఆందోళన నడిచింది. అదే విశ్వవిద్యాలయం నియమించిన నఫే కమిటీ అంతకు ముందే రాత మార్కులనూ వైవా మార్కులనూ సామాజిక వర్గాల వారీగా పోల్చి చూసి, వైవాలో వివక్ష జరుగుతున్న సూచనలు ఉన్నాయని చెబుతూ, వైవాకు ఉన్న 30 మార్కులను 15కు తగ్గించాలని సిఫార్సు చేసింది. ఆ నూరు శాతం వైవా నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చగా, యూజీసీ రాతకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం అన్న నిష్పత్తికి మారింది. పరిశోధక విద్యార్థి తన అంశాన్ని తాను వివరించగలగాలన్న మాట నిజమే కాబట్టి ముప్ఫై శాతాన్ని అన్యాయమని కొట్టిపారేయలేము. నూరు శాతానికి మాత్రం ఏ సమర్థనా దొరకదు.

ఇంత బరువు మోసే ఇంటర్వ్యూ అసలు దేన్ని కొలుస్తుందన్నది వేరే ప్రశ్న. దీనిపై మనస్తత్వ శాస్త్రం నూరేళ్లకు పైగా సందేహాలు వెలిబుచ్చుతూనే ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైనికాధికారులు తమ కింది వారికి వేసిన మార్కులను పరిశీలించి, ఒక గుణంలో మంచి అభిప్రాయం కలిగితే దానితో సంబంధం లేని మిగతా గుణాలకు కూడా మంచి మార్కులే పడుతున్నాయని గమనించి, దానికి ‘హాలో ప్రభావం’ అని పేరు పెట్టాడు. దేవుడి పటంలో తల వెనక ఉండే కాంతివలయం లాంటిది మనిషి చుట్టూ ఏర్పడి, చూసేవారి కళ్లను కప్పేస్తుందన్నది భావం. స్పష్టంగా, నవ్వుతూ మాట్లాడిన అభ్యర్థికి సాధారణ జ్ఞానం కింద కూడా రెండు మార్కులు ఎక్కువ పడటానికి కారణం ఇదే.

ఇంతకన్నా సూటిగా తాకే సాక్ష్యం అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చింది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల సుమారు 800 మంది అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసి, ర్యాంకులు వేసి, పై వరుసల్లోని వారితో 150 సీట్లు నింపుకున్న తరువాత, రాష్ట్ర శాసనసభ ఉన్నట్టుండి మరో యాభై మందిని చేర్చుకోవలసిందేనని ఆదేశించింది. అప్పటికి పై ర్యాంకులవారంతా వేరే కళాశాలల్లో చేరిపోవడంతో, జాబితా అట్టడుగున 700కూ 800కూ మధ్య ఉన్నవారిని పిలవక తప్పలేదు. పరిశోధకులు ఆ తరువాత ఈ రెండు బృందాల చదువును ఏళ్ల తరబడి గమనించి, పరీక్షల ఫలితాల్లో గానీ, రోగుల దగ్గర చేసే పనిలో గానీ, మధ్యలో చదువు మానేసినవారి సంఖ్యలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదని 1987లో ప్రకటించారు. మొదటి జాబితాలో ఆ రెండు బృందాలనూ అంత దూరంగా నిలబెట్టినది ప్రధానంగా ఇంటర్వ్యూ చేసినవారి, కమిటీ సభ్యుల అభిప్రాయాలే. ఎవరూ ప్రణాళిక వేసి చేయని, చేద్దామన్నా ఏ విశ్వవిద్యాలయమూ ఒప్పుకోని ప్రయోగం ఒక ప్రభుత్వ ఉత్తర్వు పుణ్యమా అని జరిగిపోయింది.

జేసన్ డానా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ 2013లో ప్రచురించిన ప్రయోగాలు మరో అడుగు ముందుకు వేశాయి. ఒక విద్యార్థి మరో విద్యార్థిని ఇంటర్వ్యూ చేసి అతని రాబోయే సగటు గ్రేడును ఊహించాలన్నది అందులో పని. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పేవారు ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పకుండా, ముందే ఇచ్చిన ఒక యాదృచ్ఛిక సూత్రం ప్రకారం అవుననో కాదనో చెప్పారు. ఇంటర్వ్యూ చేసినవారు ఆ సంగతి పసిగట్టలేకపోవడం ఒక వింత కాగా, ఎదుటి మనిషి గురించి తమకు బాగానే తెలిసిందన్న నమ్మకం అర్థంలేని జవాబులు విన్నప్పుడు కూడా తగ్గకపోవడం అంతకన్నా పెద్ద వింత. పాత గ్రేడు ఒక్కదాన్ని చూసి ఊహించినవారి అంచనాల కన్నా ఇంటర్వ్యూ కూడా చేసి ఊహించినవారి అంచనాలే ఎక్కువ గురి తప్పాయి. అంటే, ఇంటర్వ్యూ వల్ల సమాచారం పెరగకపోగా, చేతిలో ఉన్న మంచి సమాచారం కూడా పలచబడుతుంది. ముందుగా ప్రశ్నలు నిర్ణయించుకోకుండా, సంభాషణ ఎటు పోతే అటు పోయే ఇలాంటి పద్ధతిని నిర్మాణరహిత ఇంటర్వ్యూ అంటారు. పైన చెప్పిన విమర్శలన్నీ ప్రధానంగా దీనికే వర్తిస్తాయి.

అమెరికాలో డిగ్రీ ప్రవేశాల సంగతి చూస్తే, అక్కడ ఇంటర్వ్యూకు అధికారికంగా ఉన్న స్థానం చాలా చిన్నది. కళాశాల ప్రవేశ సలహాదారుల జాతీయ సంఘం కొన్నేళ్ల కిందట జరిపిన సర్వేలో, ఇంటర్వ్యూకు గణనీయమైన ప్రాధాన్యం ఇస్తామన్న కళాశాలలు నూటికి అయిదారు మాత్రమే కాగా, అసలు ప్రాధాన్యమే లేదన్నవి దాదాపు సగం. హైస్కూలు మార్కులు, తీసుకున్న కోర్సుల కఠినత ముందు వరుసలో నిలుస్తాయి. పేరున్న కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఇంటర్వ్యూ చేసేది ఆచార్యులు కాదు, ఆ ఊళ్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు. వారు ఒక కాఫీ హోటల్లోనో వీడియోలోనో అరగంటో గంటో మాట్లాడి చిన్న నివేదిక పంపితే, అది దరఖాస్తు ఫైలులో అనేక కాగితాల మధ్య ఒక కాగితంగా చేరుతుంది. అభ్యర్థికి కళాశాల గురించి చెప్పడానికి జరిపే పరిచయ ఇంటర్వ్యూకూ, నివేదిక ఫైలుకు చేరే మదింపు ఇంటర్వ్యూకూ అక్కడ తేడా పాటిస్తారు. దరఖాస్తుల సంఖ్య పెరిగిపోవడంతో పూర్వ విద్యార్థులు అందరినీ కలవలేని స్థితి వచ్చి, షికాగో, బ్రౌన్ వంటి విశ్వవిద్యాలయాలు అభ్యర్థి స్వయంగా రికార్డు చేసి పంపే చిన్న వీడియోకు దారి తెరిచాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల ఇంటర్వ్యూ శిక్షణ కోసం వేల డాలర్లు వెచ్చించే ముందు ఈ సంగతులు తెలుసుకోవడం మేలు.

ఇంటర్వ్యూ నివేదిక అక్కడ బరువు లేని కాగితమే అయినా, ఇంటర్వ్యూ చరిత్ర అంత అమాయకమైనది కాదు. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల వాటా అయిదో వంతు దాటినప్పుడు, ఆనాటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ 1922లో వారి సంఖ్యపై పరిమితి విధించాలని ప్రతిపాదించాడు. బాహాటమైన కోటాకు వ్యతిరేకత రావడంతో, మార్కులను దాటి ‘శీలం’, ‘వ్యక్తిత్వం’ చూస్తామన్న మాట ముందుకు వచ్చి, ఫొటోలు, సిఫార్సు లేఖలు, ముఖాముఖి కలయికలు ఎంపికలో భాగమయ్యాయి. జెరోమ్ కారబెల్ 2005లో వెలువరించిన ‘ది చోజెన్’ అనే గ్రంథం ఈ కథను వివరంగా చెబుతుంది. కొలవడానికి వీలులేని గుణాన్ని కొలుస్తామనడంలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, ఎవరిని ఎందుకు వద్దన్నామో చెప్పనక్కర లేదు.

అదే హార్వర్డ్ మీద ఆసియా సంతతి విద్యార్థుల పక్షాన 2014లో దాఖలైన దావాలో ఇంటర్వ్యూ విచిత్రంగా ఎదురు పక్షాన సాక్ష్యం చెప్పింది. విద్యార్థులను స్వయంగా కలిసి మాట్లాడిన పూర్వ విద్యార్థులు ఆసియా సంతతివారి వ్యక్తిత్వానికి తెల్లజాతి వారితో పోల్చదగ్గ మార్కులే వేస్తుండగా, వారిలో అత్యధికులను ఎన్నడూ చూడని ప్రవేశ కార్యాలయ సిబ్బంది మాత్రం ‘వ్యక్తిగత మార్కు’ కింద తక్కువ వేస్తున్నారని వాదులు ఆరోపించారు. వివక్ష జరగలేదని 2019లో కింది కోర్టు తేల్చినా, 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించే విధానాన్నే కొట్టివేసింది. వాదుల ఆరోపణ ఎంత వరకు నిజమన్న వివాదాన్ని అలా ఉంచినా, ఎదురుగా కూర్చుని మాట్లాడటం కొన్నిసార్లు పక్షపాతాన్ని పెంచే బదులు తగ్గించవచ్చునన్న సంగతిని ఈ కేసు గుర్తుచేస్తుంది.

ఇంటర్వ్యూను పనికొచ్చే సాధనంగా మలచిన ప్రయత్నాల్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్య కోసం రూపొందించిన బహుళ లఘు ఇంటర్వ్యూలను ముందుగా చెప్పాలి. ఒక బోర్డు ముందు ఒకసారి కూర్చోబెట్టే బదులు, అభ్యర్థిని పది పన్నెండు చిన్న గదుల గుండా పంపి, ఒక్కో గదిలో ఎనిమిది నిమిషాల పాటు ఒక్కో సమస్య ఇచ్చి, వేర్వేరు వ్యక్తులతో మార్కులు వేయిస్తారు. ఒక గదిలో పడిన మంచి ముద్ర గానీ చెడు ముద్ర గానీ పక్క గదిలోకి పాకదు, ఒకరి పక్షపాతం మిగతా తొమ్మిది మంది అభిప్రాయాల మధ్య కరిగిపోతుంది. ఎంబీబీఎస్ విద్యార్థులకు ‘ఆస్కీ’ అన్న పేరుతో పరిచయమైన, ఒక టేబుల్ దగ్గరి నుంచి మరో టేబుల్‌కు తిరుగుతూ చేసే ప్రాక్టికల్ పరీక్ష నుంచే ఈ ఆలోచన పుట్టింది. 2004లో దీనిపై పరిశోధనా పత్రం వెలువడ్డాక కెనడాలోనే కాక బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని అనేక వైద్య కళాశాలలు దీన్ని అనుసరించాయి. ఇందులో సుగుణం ఇంటర్వ్యూను వదిలేయకుండా, ఒక్క నమూనాకు బదులు పది నమూనాలు తీసుకోవడం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చెప్పవచ్చు గానీ, మనిషి విషయంలో ఆ లెక్క సరిపోదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏటా డిసెంబరులో జరిగే ఇంటర్వ్యూలు మరో రకం. అక్కడ ప్రశ్నించేది రేపు అదే విద్యార్థికి ఇద్దరు ముగ్గురి చిన్న బృందంలో పాఠం చెప్పబోయే అధ్యాపకుడు. తెలియని లెక్కనో, చదవని పద్యాన్నో ఇచ్చి, ఆలోచనను పైకి చెప్పించి, దారి తప్పినచోట చిన్న సూచన చేసి, దాన్ని విద్యార్థి ఎలా అందుకుంటాడో చూస్తాడు. రాబోయే చదువులో ఒక ముక్కనే ముందుగా చేయించి చూడటం ఇది, వ్యక్తిత్వ పరీక్ష కాదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ తన పరిశోధనాధారిత డ్యూయల్ డిగ్రీ కోర్సులకు ప్రవేశ పరీక్ష తరువాత ఇంటర్వ్యూ నిర్వహించడానికి కూడా ఇలాంటి సమర్థనే ఉంది, ఎందుకంటే డిగ్రీతో పాటు పరిశోధన కూడా చేయవలసిన విద్యార్థికి ఆ ఆసక్తి ఉందో లేదో ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో తేలదు. మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలు తుది దశలో ఇంటర్వ్యూకు పెద్ద వాటా ఇవ్వడాన్ని లీలాధర్ తీర్పులోని పరిణతి వాదంతో సమర్థించుకోవచ్చు గానీ, అక్కడికి వచ్చే అభ్యర్థుల్లో కూడా చాలామంది ఇరవై రెండేళ్లవారే.

బడుల విషయంలో మాత్రం చట్టం ఎలాంటి శషభిషలకూ తావివ్వలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ బడిలో చేరే పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ ఏ రూపంలోనూ వడపోత పరీక్షకు గురిచేయరాదని నిషేధించి, మొదటి ఉల్లంఘనకు 25 వేల రూపాయల వరకు, ఆ పైన ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా పెట్టింది. అయినా మూడేళ్ల పిల్లను రంగుల పేర్లు అడిగి, తండ్రిని ఉద్యోగం ఏమిటని అడిగే ‘ఇంటరాక్షన్లు’ పేరు మార్చుకుని సాగుతుండటం నగరాల్లో అందరికీ తెలిసినదే.

భారతదేశంలో డిగ్రీ స్థాయి ఇంటర్వ్యూకు ఒక కంచుకోటగా నిలిచినది 1881లో స్థాపితమైన ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాల. తన పద్ధతిలో తాను ఇంటర్వ్యూ చేసుకునే హక్కును మైనారిటీ సంస్థగా ఆ కళాశాల 1991లో సుప్రీంకోర్టులో నిలబెట్టుకుంది. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చినప్పుడు, దానికి 85 శాతం, ఇంటర్వ్యూకు 15 శాతం ఇస్తామని కళాశాల ప్రకటించగా, సీయూఈటీ మార్కులకే నూరు శాతం ఇవ్వాలని ఢిల్లీ విశ్వవిద్యాలయం పట్టుబట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, క్రైస్తవ విద్యార్థులకు కేటాయించిన సీట్లకు ఇంటర్వ్యూ జరుపుకోవచ్చుననీ, మిగతా సీట్లను సీయూఈటీ మార్కులతోనే నింపాలనీ తీర్పు ఇచ్చింది. దాంతో ఒకే కళాశాలలో, ఒకే కోర్సులో, పక్కపక్కన కూర్చుని అదే పాఠం వినే విద్యార్థుల్లో కొందరు ఇంటర్వ్యూ గది దాటి వచ్చినవారు, మరికొందరు ఆ గది తలుపు చూడనే చూడనివారు అయ్యారు. రెండు వర్గాల సీట్లకూ పోటీ వేరు కాబట్టి వారి డిగ్రీ మార్కులను నేరుగా పోల్చి తీర్పు చెప్పడం సరికాదు గానీ, మైనారిటీ సీట్లలో చేరినవారి వరకే తీసుకుని, ఇంటర్వ్యూలో వారికి పడిన పదిహేనుకూ మూడేళ్ల తరువాత వారు సాధించిన మార్కులకూ ఏమైనా సంబంధం ఉందో లేదో చూడటానికి కావలసిన లెక్కలన్నీ కళాశాల రిజిస్టర్లలోనే ఉంటాయి.